గాలిలో పోటీ, తేలేది మట్టిలో

హన్మకొండలో ఏ కాలనీకి వెళ్లినా ఇప్పుడు డాబా మీద డీటీహెచ్ గిన్నె పక్కన ఇంకో తెల్ల డబ్బా కనిపిస్తోంది. టవర్ నుంచి 5జీ సిగ్నల్ పట్టి ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్ యాంటెనా అది. ఈ సేవను ఎయిర్‌టెల్ 2023 ఆగస్టులో ఢిల్లీ, ముంబైల్లో మొదలుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 19న జియో హైదరాబాద్ సహా 8 నగరాల్లో తెచ్చింది. వీధిలో తీగ లాగనక్కర్లేదు, ఎదురింటి గోడ మీదుగా కేబుల్ పోతోందన్న తగాదా లేదు. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు టెలికాం శాఖ లైసెన్సు ఇవ్వడంతో ఉపగ్రహ ఇంటర్నెట్ కూడా బరిలోకి దిగింది. ఊళ్లకు ఫైబర్ తీగ వేసే రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ ఎలాగూ ఉంది. దాంతో చర్చంతా ఏ టెక్నాలజీ గెలుస్తుందన్న దాని చుట్టే తిరుగుతోంది. అయితే రేడియోల (గాలిలో సిగ్నల్ పంపే టెక్నాలజీల) మధ్య పోటీ ఇంతకుముందు కూడా రేడియో దగ్గర తేలలేదు. ఈసారీ తేలదనే నా అభిప్రాయం.

2010 నాటి సంగతి చూడండి. ఆ ఏడాది జూన్‌లో ముగిసిన బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రం (రేడియో తరంగాల) వేలం కేంద్రానికి 38 వేల కోట్ల రూపాయలకు పైగా తెచ్చిపెట్టింది. అప్పటికి జనానికి పేరు కూడా తెలియని ఇన్ఫోటెల్ బ్రాడ్‌బ్యాండ్ అనే కంపెనీ 12,848 కోట్లకు మొత్తం 22 సర్కిళ్లలో (దేశాన్ని విభజించిన టెలికాం ప్రాంతాల్లో) 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ గెలుచుకుంది. గెలిచిన రోజే అందులో 95 శాతం వాటా కొంటున్నట్టు రిలయన్స్ ప్రకటించింది. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో వేలానికి పెట్టిన స్పెక్ట్రంలో రెండో భాగం ఎయిర్‌సెల్‌కు పోయింది. (అవును, రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా టెలికాం పటంలో మనది ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిలే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నెలనెలా ఇచ్చే సర్కిల్ లెక్కల్లో ఆదిలాబాద్ అడవి, విశాఖ నగరం ఒకే గంపలో ఉంటాయి. ఉత్తర తెలంగాణ వెనుకబాటు ఆ సగటులో మునిగిపోతుంది.)

వేలం నాటికి చేతికి అందుబాటులో ఉన్న వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ టెక్నాలజీ వైమాక్స్. దాని వెనక చిప్పుల కంపెనీ ఇంటెల్ ఉంది. వేలంలో తేలిన ధరే కట్టి స్పెక్ట్రం తీసుకున్న బీఎస్ఎన్ఎల్ వైమాక్స్‌నే నమ్ముకుంది. తర్వాత మనం 4జీ అన్న ఎల్‌టీఈ అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. ప్రపంచంలో మొదటి ఎల్‌టీఈ సేవ స్టాక్‌హోం, ఓస్లోల్లో 2009 డిసెంబరులోనే మొదలైంది. ఇంజినీర్లను అడిగితే రెండింటికీ రేడియోలో పెద్ద తేడా లేదంటారు, రెండూ వాడేది దాదాపు ఒకే రకం తరంగ విధానం. మరి వైమాక్స్ ఎందుకు చిత్తయింది? అప్పటి మొబైల్ ఫోన్లలో ఎక్కువ వాడే జీఎస్ఎం పద్ధతి కంపెనీలన్నీ తమ తర్వాతి మెట్టుగా ఎల్‌టీఈని ఎంచుకున్నాయి. మనం వేలం వేసిన తరహా బ్యాండ్లకు సరిపోయే టీడీ-ఎల్‌టీఈ అనే రకాన్ని చైనా మొబైల్ భుజాన వేసుకుంది. మన దేశంలో చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్ ఏకంగా వేలంలో దిగి 4 సర్కిళ్లు కొన్నది కూడా దాన్ని నిలబెట్టడానికే. చిప్పులు లక్షల్లోంచి కోట్లలోకి పోయాయి, ధర దిగింది, ఫోన్లు వచ్చాయి. వైమాక్స్‌కు ఫోన్లు కొన్నే వచ్చాయి. అమెరికాలో స్ప్రింట్, రష్యాలో యోటా కూడా చివరికి ఎల్‌టీఈ వైపే మళ్లాయి. 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో ఎయిర్‌టెల్ దేశంలో తొలి 4జీ పెట్టింది, 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, అక్కడితో కథ ముగిసింది.

ఇప్పటి పోటీలో పరికరాలు దొరకని ఆ సమస్య లేదు. డబ్బాలు అన్ని రకాలకూ దొరుకుతున్నాయి. తేడా అంతా టవర్ దాకా ఏముంది, టవర్ నుంచి ఇంటికి మధ్యలో ఏముంది అన్న దగ్గరే వస్తుంది.

ఎయిర్‌ఫైబర్ బిగించడానికి వచ్చిన కుర్రాడిని గమనించండి. ఫోన్లో యాప్ చూసుకుంటూ, డబ్బాను ఒక బెత్తెడు ఇటు, ఒక బెత్తెడు అటు తిప్పుతూ, సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకె చూస్తాడు. మధ్యలో వేపచెట్టు గుబురుగా ఉంటే మొహం ముడుచుకుని పిట్టగోడ ఇంకో మూలకు మారతాడు. ఇంటి 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు ఆకులు, తడి, గోడలు అంటే గిట్టదు. 26 గిగాహెర్ట్జ్ సంగతి ఇంకా సున్నితం, ఎదురుగా టవర్ కనబడకపోతే అది దాదాపు దండగ. అదే 700 మెగాహెర్ట్జ్ అయితే చెట్లను లెక్కచేయకుండా దూరం పోతుంది. 2022 వేలంలో జియో దేశమంతటా కొన్న బ్యాండ్ ఇది. కానీ డేటా పారే వెడల్పు అందులో చేతికొచ్చింది 10 మెగాహెర్ట్జ్ మాత్రమే, 3300లో 100కు తక్కువ లేదు. హన్మకొండ డాబాల మీద గిగాబిట్ మాటలు చెప్పే రేడియోయే తాడ్వాయి టేకు అడవిలో తడబడుతుంది. కంపెనీ మారిస్తే ఈ భౌతికశాస్త్రం మారదు.

రెండోది రద్దీ. ఫైబర్ ఉన్న ఇల్లు సగటున నెలకు 280 జీబీ వాడుతోందని, అది తమ మొబైల్ వినియోగదారుడి వాడకానికి పది రెట్లని 2023లో రిలయన్సే వాటాదారులకు చెప్పింది. ఎయిర్‌ఫైబర్ ఇల్లు కూడా అలాగే వాడితే, ఒక్కో కొత్త కనెక్షన్‌తో ఆ టవర్ మీద పది ఫోన్ల భారం పడ్డట్టే. 5జీ పరికరం పెట్టడం, స్పెక్ట్రం కేటాయించడం తేలికే, కానీ టవర్ నుంచి ఆ డేటా బయటికి పోవాలి కదా. దాన్నే టెలికాం వాళ్లు బ్యాక్‌హాల్ అంటారు. కాజీపేట, వరంగల్‌లలో రైల్వే లైను, జాతీయ రహదారి వెంట ఫైబర్ ఉంది. ములుగు దాటి ఏటూరునాగారం వైపు, లేదంటే ఆసిఫాబాద్ నుంచి తిర్యాణి వైపు వెళ్తే టవర్ మీద డప్పులాంటి గుండ్రటి మైక్రోవేవ్ యాంటెనాలు కనిపిస్తాయి. ఒక టవర్ ఇంకో టవర్‌కు, అది మరో దానికి అందిస్తుంది. మధ్యలో ఒక్కచోట కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతే వెనకున్న ఊళ్లన్నీ మూగబోతాయి. తూము చిన్నదైతే చెరువు ఎంత నిండినా చివరి మడికి నీళ్లు అందవు. అక్కడ 5జీ గుర్తు ఫోన్లో కనిపించినా పేజీ తెరుచుకోకపోవడానికి కారణం తరచూ ఇదే. మేడారం జాతరప్పుడు లారీల మీద తాత్కాలిక టవర్లు వస్తాయి, జాతర అయ్యాక పోతాయి. అంటే దారి లేక కాదు, ఏడాది పొడుగునా గిరాకీ లేదని కంపెనీల లెక్క.

లైసెన్సు అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ రేడియోలతో టవర్ నుంచి ఇంటికి కనెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఒకటుంది. జియో ఇలా ఇచ్చినవాటిని 5జీ ఎయిర్‌ఫైబర్ నుంచి వేరుచేసి ట్రాయ్ 2025లో లెక్కించడం మొదలుపెట్టింది. పల్లెల్లో చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్లకు ఎన్నాళ్లుగానో తెలిసిన పనే ఇది, పెద్ద కంపెనీ చేసేసరికి కొత్త పేరు వచ్చింది. కోట్లు పోసి స్పెక్ట్రం కొన్నవాడే ఉచిత బ్యాండ్ వాడుకోవడం నాకు తప్పుగా అనిపించదు, చౌకగా పనైపోతే చాలు. కానీ అదే ఉచిత బ్యాండ్‌లో చిన్నవాడి రేడియోకు అంతరాయం వస్తే వినే నాథుడు ఉండడు.

ఉపగ్రహానికి నేను ఇచ్చే చోటు చిన్నది, కానీ కచ్చితమైనది. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలకు గోదావరి ఒడ్డు గూడెం, బంజారాహిల్స్ రెండూ ఒకటే. ఆకాశం తెరిపిగా ఉండాలి, కరెంటు ఉండాలి. ఆశ్రమ పాఠశాల, పీహెచ్‌సీ, అటవీ శాఖ చెక్‌పోస్టు, వరదొచ్చినప్పుడు తెగిపోయే ఊరి పంచాయతీ ఆఫీసు, వీటికి ప్రభుత్వమే కొని పెట్టాలి. ఇంటింటికీ అదే దిక్కు అంటే మాత్రం కూలికి పోయే కుటుంబం బిల్లు ఎక్కడ కడుతుంది?

ఇక టీ-ఫైబర్. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ వెళ్లే డక్టు (గొట్టం) వేయాలన్నది మంచి ఆలోచన, తవ్వకం ఖర్చే ఇలాంటి పనుల్లో నడుం విరిచేది. 2024 డిసెంబరులో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ సహా కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా ఇంటింటికీ కనెక్షన్లు ఇచ్చారు. పేచీ ఇక్కడే ఉంది. రాష్ట్రం తానే ఇంటర్నెట్ అమ్మే దుకాణం తెరిచి, జియోతో, ఎయిర్‌టెల్‌తో నెలవారీ ప్లాన్ల ధరల్లో పోటీ పడితే ఓడిపోతుంది. టీవీ ఛానళ్లు, ఓటీటీలు కట్టగట్టి ఇచ్చే వాళ్ల ముందు సర్కారీ కస్టమర్ కేర్ ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రభుత్వం ఇల్లిల్లూ తిరగడం కంటే ముందు మండల కేంద్రం నుంచి టవర్ దాకా ఉన్న ఖాళీ ఫైబర్‌ను అద్దెకివ్వాలి. ధర ఒకటే ఉండాలి, వెబ్‌సైట్‌లో అందరికీ కనబడాలి. జియోకు ఎంతో, పరకాలలో మూడొందల కనెక్షన్లు నడుపుకునే కేబుల్ ఆపరేటర్‌కూ అంతే. తెగిన ఫైబర్‌ను ఎన్ని గంటల్లో అతుకుతారో ఒప్పందంలో రాయాలి, రోడ్డు పనుల్లో జేసీబీ తగిలి తీగ తెగితే కాంట్రాక్టర్ నుంచే వసూలు చేయాలి. ఆ పని ఏటూరునాగారం, తిర్యాణి, మహదేవ్‌పూర్ మండలాలతో మొదలైతే, హన్మకొండ డాబాల మీద ఇప్పటికే జరుగుతున్న పోటీ అక్కడికీ వస్తుంది.