సవరణ: హైబ్రిడ్ ఆర్చ్ ఆపరేషన్ గురించి నేను తప్పు రాశాను
బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) వంపు జబ్బుకి కోత ఆపరేషన్, స్టెంట్ గ్రాఫ్ట్ (రక్తనాళం లోపల పరిచే, లోహపు జాలీ ఉన్న గుడ్డ గొట్టం) కలిపి చేస్తే, అంటే హైబ్రిడ్ ఆర్చ్ పద్ధతిలో, గుండె ఆపక్కర్లేదని, మెదడుకి ముప్పు ఉండదని మొన్న రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

ఇందులో రెండు రకాలున్నాయి. గుండె ఆపకుండా చేయగలిగేది డీబ్రాంచింగ్ అనే రకంలో, అదీ అందరికీ కాదు: తలకీ చేతులకీ వెళ్ళే మూడు రక్తనాళాలకు ముందు బైపాస్ దారి వేసి, తర్వాత వంపు లోపల స్టెంట్ గ్రాఫ్ట్ పరుస్తారు. రెండో రకమైన ఫ్రోజెన్ ఎలిఫెంట్ ట్రంక్ అలా కాదు. అందులో వంపునే కోసి కృత్రిమ గొట్టం కుడతారు, దాని చివరి స్టెంట్ భాగం కిందికి దిగే ధమనిలోకి వెళుతుంది, ఆ కాసేపు శరీరాన్ని చల్లబరిచి రక్తప్రసరణ ఆపి, మెదడుకి మాత్రం విడిగా రక్తం పంపిస్తుంటారు.

పక్షవాతం ముప్పు రెండింటిలోనూ ఉంది. వెన్నుపాముకి రక్తం తగ్గి కాళ్ళు చచ్చుబడే ప్రమాదం సంగతి నేను అసలు రాయనేలేదు, అది చాలా పెద్ద లోపం. పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఇదీ పంపండి.