చువ్వల మీద పొద్దుతిరుగుడు పువ్వులేస్తారా?

విజయనగరం పక్కన ఓ ఇళ్ల కాలనీలో కాంపౌండు గోడకి బొమ్మలేయించే కార్యక్రమం పెట్టారు. మంచిదే. కాలనీ ఆడవాళ్లని కూచోబెట్టి, మీ ఇంటి కథ మీరే చెప్పండమ్మా, దాన్నే గోడెక్కిస్తాం అన్నారు. వాళ్లు మనసు విప్పి చెప్పారు. గళ్లుగళ్లుగా బొమ్మ తయారైంది. ఆఖరి గడిలో వాళ్లు పట్టుబట్టి వేయించుకున్నది సగంలో ఆగిపోయిన ఇల్లు. రూఫ్ లెవెల్ దాకా లేచిన గోడలు, పైన తుప్పు పట్టిన పిల్లర్ చువ్వలు, రెండు చువ్వలకి తాడు కట్టి ఆరేసిన చీర. ప్రారంభానికి పెద్దలొస్తున్నారని రాత్రికి రాత్రి ఆ గడికి పసుపు రంగు కొట్టేసి పొద్దుతిరుగుడు పువ్వులేశారు. ఈ పొద్దున్న ఆ ఫొటోలు చూసిన దగ్గర్నుంచి ఒళ్లు మండిపోతోంది.

"నెగెటివ్‌గా ఉంది" అన్నారంట. ఏటండీ నెగెటివ్? ఆ చువ్వలే కదా అసలు కథ!

తెలీనివాళ్ల కోసం చెప్తున్నా. 2020 డిసెంబరులో ప్రభుత్వం పేదలకి ఇళ్ల పట్టాలిచ్చినప్పుడు పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 48.4 గజాలు. సెంటున్నరంటే 72.6. ఇల్లు కట్టుకోవడానికి యూనిట్ కాస్ట్ అప్పట్లో 1 లక్షా 80 వేలు. ఆ డబ్బు ఒక్కసారి చేతికి రాదు. బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్, రూఫ్ కాస్ట్ అని మెట్లుంటాయి. ముందు మనం కట్టాలి, వాళ్లొచ్చి ఫొటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, ఆ తర్వాత బిల్లు పడాలి. అంటే బేస్‌మెంట్‌కి పెట్టుబడి ఎవరిది? డ్వాక్రా అప్పుది, పుస్తెలతాడుది, ఊళ్లో వడ్డీ వ్యాపారిది. బిల్లు ఆలస్యమైతే మేస్త్రీ ఇంకో పనికి పోతాడు. మళ్లీ పిలిస్తే కూలి రేటు పెరిగుంటుంది. ఈలోగా చువ్వలు రెండు వానాకాలాలు తడుస్తాయి. పైపై తుప్పయితే తీగబ్రష్‌తో గీకి వాడుకోవచ్చు. పొరలు పొరలుగా రాలుతోందంటే లోపల ఇనుము సన్నబడినట్టే, ఆ ముక్క కోసేసి కొత్త చువ్వ అతుకు కట్టాలి. ఆ ఖర్చు ఏ ఎస్టిమేటులోనూ ఉండదు. ఇంత అప్పూ, ఇంత ఎదురుచూపూ ఒక్క బొమ్మలో పెట్టారు ఆ ఆడవాళ్లు. బొమ్మల పని తెలిసినోళ్లకి కూడా తట్టని ఆలోచన అది. దాన్ని పూలతో మూసేశారు.

పని తెలిసి మూశారా అంటే అదీ లేదు. పసుపుకి కింద రంగుని కప్పే గుణం తక్కువ. నల్లగీత మీద నేరుగా పసుపు కొడితే రెండు మూడు కోట్లేసినా గీత తేలుతూనే ఉంటుంది. ముందు గరుకు కాగితంతో రుద్ది తెల్ల ప్రైమరు వేసి, అది ఆరాక రంగేయాలి. రాత్రిపూట మంచులో, కోటుకీ కోటుకీ మధ్య నాలుగు గంటలైనా ఆరనివ్వకుండా కొడితే ఏమవుతుంది? పై పొర తోలులా లేస్తుంది.

అసలా గోడే బొమ్మకి సిద్ధంగా లేదు. కొత్త ప్లాస్టరింగు కనీసం 28 రోజులు ఆరాలి. సిమెంటులో ఉండే క్షారం పచ్చిగా ఉన్నప్పుడు రంగుని తినేస్తుంది. తెల్లటి ఉప్పు పూసిందనుకోండి, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోయి ఇంకోచోట పూస్తుంది. పొడి బ్రష్‌తోనే దులపాలి. మన కాలనీలు చాలాచోట్ల పల్లపు భూముల్లో వేశారు కాబట్టి గోడ కిందినుంచి చెమ్మ ఎక్కుతుంది, చెమ్మ ఉన్నంత మేర బొమ్మే వేయకూడదు, పట్టీ వదిలేసి పైనుంచి మొదలెట్టాలి. 20 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడకి 160 చదరపు అడుగులు. ప్రైమరు ఒక కోటుకి రెండు లీటర్లు, బయటి గోడలకి వాడే ఎమల్షన్ రెండు కోట్లకి మూడు లీటర్ల పైనే పడుతుంది. డబ్బు మిగుల్చుకోవడానికి తెల్ల ఎమల్షన్‌లో రంగు తేవడానికి కలిపే స్టైనర్ ట్యూబులు గుమ్మరిస్తారు. స్టైనర్ మోతాదు మించితే రంగు సరిగ్గా ఆరదు, చెయ్యి పెడితే అంటుకుంటుంది, మొదటి వానకే కారుతుంది. పడమటి ఎండ పడే గోడ మీద మెరిసే గులాబీలు, నిమ్మపసుపులు ముందు వెలిసిపోతాయి. ఇటుకరంగు ఆక్సైడు, పసుపు ఆక్సైడు, నలుపు నిలబడతాయి. అంటే మట్టి రంగులు, ఇనుము రంగులు. ఆ ఆడవాళ్లు అడిగిన బొమ్మకి సరిగ్గా సరిపోయే రంగులే!

కథ సేకరించడమూ అంతే. జీపు దిగి, కెమెరా పెట్టి, "మీ సొంతింటి కల చెప్పండి" అంటే ఎవరైనా కలే చెప్తారు. ఉపాధి పనికి పోయొచ్చి, వంట ముగించుకుని, సాయంత్రం అరుగు మీద కూచున్నప్పుడు పోవాలి. అడగాల్సింది కల గురించి కాదు. పట్టా ఏ తేదీది, ప్లాటు చూపించిందెవరు, బేస్‌మెంట్‌కి అప్పు ఎక్కడ తెచ్చారు, నూటికి ఎంత వడ్డీ, ఇసుక ఎన్ని ట్రిప్పులొచ్చింది, కరెంటు స్తంభం ఎన్ని ఇళ్ల అవతల ఆగింది, నీళ్లు ఎవరు మోస్తున్నారు. ఇవి అడిగితే కథ దానంతటదే వస్తుంది. పట్టా ఆడమనిషి పేరునుంటే మాట్లాడేది మాత్రం మగాడు, అందుకని వాళ్లని వేరుగా కూచోబెట్టాలి. గోడ మీద పట్టా నంబరు, ప్లాటు నంబరు, మనిషి గుర్తుపట్టేలా మొహం రాకూడదు. రేపు జాబితాలోంచి పేరు లేపేస్తారన్న భయం వాళ్లది, మనది కాదు. గీసిన స్కెచ్ పట్టుకెళ్లి, గోడెక్కించేముందు ఇంకోసారి చూపించి సరే అనిపించుకోవాలి. అలా సరే అన్న బొమ్మని మార్చే హక్కు ఆ తర్వాత ఎవరికీ ఉండదు. కలెక్టరొచ్చినా, మంత్రొచ్చినా.

మన జిల్లాల్లో ఇంటి కథలకి కరువా? విజయనగరం దగ్గర గుంకలాంలో దాదాపు 400 ఎకరాల్లో 12 వేల పైచిలుకు ఇళ్ల ప్లాట్లు ఒక్కచోట వేశారు, అంత జనానికి అక్కడ కూలిపని ఏదని ఏ గోడైనా అడిగిందా? శ్రీకాకుళం జిల్లా హిరమండలం రిజర్వాయరు కింద ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఊరు లేచిపోయేటప్పుడు జనం ముందు పీక్కుపోయేవి తలుపులు, దూలాలు, ద్వారబంధాలు. కొవ్వాడలో అణు కేంద్రం పేరు చెప్పి ఇన్నేళ్లుగా ఇల్లు బాగుచేసుకోవాలా వద్దా అని తేలని బతుకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎన్ని పోయాయో అందరూ మాట్లాడారు. ఎగిరిపోయిన కప్పుల గురించి రెండు వారాలు మాట్లాడి వదిలేశారు.

సవర గిరిజనుల బొమ్మల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సీతంపేట కొండల్లో (ఆ మండలం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది) ఇంటి లోపలి గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలేస్తారు. అది పెద్దల కోసం, దేవతల కోసం వేసే బొమ్మ. ఇంటి ఆకారంలో చట్రం గీసి, అందులో మనుషుల్ని, జంతువుల్ని, చెట్లని నింపుతారు. ఇల్లే ఆ బొమ్మకి ఆధారం. దాన్ని పట్టుకొచ్చి అట్ట కత్తిరించిన స్టెన్సిల్‌తో ఫ్లైఓవర్ల కిందా, ఆఫీసు గోడలకీ వరసగా అచ్చుగుద్దుతున్నారు. ఆ బొమ్మ వేసే మనిషి ఇంట్లో వాన కురుస్తోందా లేదా అని ఒక్కరడగరు.

జనం కథలోంచి జనం మాట తీసేయడం ఈరోజు మొదలైంది కాదు. కళాజాతాల పేరుతో ఏళ్లతరబడి ఇదే చేస్తున్నారు. బుర్రకథలో ముగ్గురుంటారు. కథకుడు కథ చెప్తాడు, ఒక వంత హాస్యం పట్టుకుంటాడు, ఇంకో వంత రాజకీయం పట్టుకుంటాడు. ఆ రాజకీయం వంత ఉన్నది ఎందుకు? కథ మధ్యలో ఆపి, ఇప్పటి సంగతేటి, బిల్లేదీ, రోడ్డేదీ అని అడగడానికే. పథకం ప్రచారానికి పిలిచినోళ్లు మొదట కోసేది ఆ వంత మాటలే. హాస్యం ఉంచుతారు, తందానతాన ఉంచుతారు, ప్రశ్న తీసేస్తారు. ముగ్గురూ కలిసి పొగుడుతుంటే అది బుర్రకథా?

జముకుల కథకీ అదే గతి పట్టించారు. జముకు వాయిద్యం తీగ బిగించి లాగి మీటుతుంటే గుండెల్లో దిగే ఆ చప్పుడు ఉత్తరాంధ్రది. 1969లో పోలీసుల చేతిలో చనిపోయిన విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి ఈ శ్రీకాకుళం పల్లెల్లో జనం బాధని జముకుల కథ కట్టి చెప్పాడు. భూమి లేనోడి గొంతుగా నిలబడ్డ ఆ వాయిద్యం పట్టేవాళ్లకి ఇప్పుడు అరపేజీ స్క్రిప్టు చేతికిచ్చి, నాయకుడి పేరు ఎక్కడెక్కడ రావాలో గీతలు గీసి ఇస్తున్నారు. తప్పెటగుళ్లోళ్లయితే మరీ ఘోరం. గుండెలకి తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, ఎండలో గంటలకొద్దీ కాన్వాయ్ కోసం నిలబడాలి. కారు దిగినోడు రెండు నిమిషాలు చేతులూపి పోతాడు. చెక్కు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఆ బృందాల్లో సొంతిల్లు లేనివాళ్లే, పెంకుటింట్లో సగం కప్పు కింద పడుకునేవాళ్లే, ఇళ్ల పథకం గొప్పని చప్పట్లు కొట్టి పాడాలి!

బృందాలోళ్లకి ఒకటే చెప్తున్నా. ఈసారి ఇళ్ల మీద కార్యక్రమం అని పిలిస్తే ఒప్పుకునేముందు కాగితం మీద రాయించుకోండి. కథ మాదే, రాజకీయం వంత మాటలు మేమే కట్టుకుంటాం, ఎవరూ దిద్దడానికి వీల్లేదు. సగం డబ్బు వేషం కట్టకముందే ఇవ్వాలి, మిగతా సగం స్టేజీ దిగేలోపు. మనిషికింత అని రాయాలి, బృందానికింత అని గుత్తగా వద్దు, మధ్యలో తినేస్తారు. బండి ఛార్జీ, భోజనం వేరేగా రాయాలి. దీనికి ఒప్పుకోకపోతే తప్పెట విప్పేసి ఇంటికొచ్చేయండి. ఆ కాలనీ అరుగుల మీదే ఆడండి, జనం రెండు రూపాయలో, గిద్దెడు బియ్యమో వేస్తారు, అడగాల్సిన మాట మాత్రం పూర్తిగా అడగనిస్తారు.