శివారుకు చేరని చదువు

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు శివారంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆయకట్టు 10 లక్షల ఎకరాల పైమాటే. అయినా దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీటి వంతులు పెట్టారంటే కాలువ చివరనున్న శివారు రైతు ఇంజను వేసి మురుగు కాలువలోంచి తోడుకోవలసిందే. మెరక చేలకూ అదే గతి. మన సర్కారు ప్రాథమిక బడిలో పాఠం కూడా అలాగే పారుతోంది. నడిమి పిల్లలకు అందుతోంది. వెనకబడ్డ పిల్లాడికి చేరదు, చురుకైన పిల్లకు చాలదు.

బడి భవనాలు బాగుచేసిన నాడు-నేడు, ఇంగ్లిష్ మీడియం, 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపిన 117 జీవో, దాని రద్దు, పిల్లల్ని బడికి పంపే తల్లులకు డబ్బిచ్చే తల్లికి వందనం, తరగతికో టీచరు ఉండే ఆదర్శ పాఠశాలలు... ఈ చర్చంతా పాఠకులకు తెలిసిందే. గోడలు బాగుపడ్డాయి, కాదనను. నా మాట గోడల గురించి కాదు.

మొన్న చలికాలంలో కోనసీమలో సముద్రం పక్క ఊళ్లో ఒక బడిలో ఓ పూట కూర్చున్నాను. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. నాలుగో తరగతి పిల్లాడొకడు బోర్డు మీద పాఠాన్ని ముత్యాల్లా ఎక్కించుకున్నాడు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు. అదే పుస్తకంలో ఇంకో పేజీ తీసి చదవమంటే వేలు పెట్టి చూసి, "ఇది ఇంకా చెప్పలేదండి" అన్నాడు. నాలుగేళ్లుగా వాడు అక్షరాలను బొమ్మల్లా గీస్తున్నాడు. పక్క వరసలో మూడో తరగతి పిల్ల తీసివేతలన్నీ పది నిమిషాల్లో చేసేసి పలక చూపించింది. "కూర్చోమ్మా, మిగతావాళ్లది అవ్వాలి కదా" అన్నారు మాస్టారు. బెల్లు కొట్టేదాకా ఆ పిల్ల గౌను అంచు దారాలు పీకుతూ కూర్చుంది.

మధ్యాహ్నం అదే పిల్లాడు కంచం పట్టుకుని రెండోసారి అన్నానికి వెళ్లాడు. వంటావిడ మారుమాట లేకుండా పెట్టింది. ఆ భోజనానికి మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. ఏ వేళ ఎవరొచ్చినా ఆకలి తీర్చి పంపిన తల్లి ఆవిడ. వడ్డనలో ఆకలిని బట్టి పెడుతున్నాం. పాఠంలో మాత్రం అందరికీ ఒకే కొలత.

ఆ కొలత మాస్టారు పెట్టింది కాదు. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచరు విధులు రాశారు. సిలబస్ గడువులోగా పూర్తి చేయాలన్నది ఒకటి. ఒక్కో పిల్లవాడి నేర్చుకునే శక్తి కొలిచి, అవసరమైనంత అదనంగా చెప్పాలన్నది దాని పక్కనే ఉన్న ఇంకొకటి. మన అధికారులు మొదటిదాన్నే పట్టుకున్నారు. "ఎన్నో పాఠంలో ఉన్నారు?" అని అడుగుతారు గానీ "ఎందరికి చదవడం వచ్చింది?" అని అడగరు.

దారి లేక కాదు. హరియాణా సర్కారు బడుల్లో రోజుకో గంట తరగతులు పక్కనపెట్టి, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరిశీలిస్తే చదవడంలో ఫలితం కనబడింది. వాళ్లిద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. కొత్త పుస్తకాలిచ్చి ఊరుకుంటే అది జరిగేది కాదు. ఆ గంట జోలికి ఎవరూ రాకుండా కాపాడారు, అదీ కీలకం.

ఇలా విడదీస్తే పిల్లలకు మొద్దులని ముద్ర పడుతుందని కొందరు మాస్టార్ల భయం. ఇద్దరే ఉన్నచోట ఎలా కుదురుతుందనీ అడుగుతారు. చివరి బెంచీలో నాలుగేళ్లు నోరు మెదపకుండా కూర్చున్నవాడికి ముద్ర ఎప్పుడో పడింది. ఇద్దరే ఉన్నచోట తరగతులు ఎలాగూ కలిపే కూర్చోబెడుతున్నారు. వయసును బట్టి కాక చదివే తీరును బట్టి కలపమంటున్నాను.

అసలు రోగం బడిది ఒక్కదానిదే కాదు. మన ప్రభుత్వాలకు లాకుల దగ్గర నీళ్లు కొలవడం అలవాటు. ఎన్ని క్యూసెక్కులు వదిలామన్నది చెబుతారు, చివరి తూములో ఎంత దిగిందో చూడరు. ఆస్పత్రికి మందులు పంపిన లెక్క ఉంటుంది, రోగికి అందిన లెక్క ఉండదు. బడిలోనూ హాజరుకు ఫొటో, భోజనానికి ఫొటో. పిల్లాడి చేత ఒక పేరా చదివించి విన్న లెక్క ఏ యాప్‌లో ఉంది? మండల విద్యాధికారి (ఎంఈవో) బడికొస్తే ముందు ఆఖరి బెంచీ దగ్గరికి వెళ్లాలి, తెలియని పేజీ తీసి చదివించాలి. బడి ఎలా ఉందో రాయడం ఆ తర్వాతే.

నేను చూసిన పిల్లాడు జూన్‌లో ఐదుకెళతాడు. ఆపై ఏడాది హైస్కూలు, సబ్జెక్టుకో మాస్టారు. అక్కడ గుణింతాలు చెప్పే పీరియడ్ ఉండదు.