నాయకుడి మాట విలువ ఏడు శాతమేనా?

"మనం చెప్పేదానిలో మాటల విలువ 7 శాతం, గొంతు విలువ 38, హావభావాల విలువ 55. కాబట్టి నాయకుడు ఏం చెప్పాడన్నది కాదు, ఎలా కనిపించాడన్నదే ముఖ్యం." శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో నాయకత్వ పాఠంగా తిరుగుతున్న ఈ లెక్క తప్పు. పైగా మనకు నష్టం చేసే తప్పు.

"పరిశోధనలో తేలింది" అంటారు. తేలింది వేరు. 1967లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ సహచరులతో కలిసి చేసిన రెండు ప్రయోగాల నుంచి ఈ అంకెలు వచ్చాయి. ఒకదానిలో టేపు మీద విడివిడి మాటలు వినిపించారు. రెండోదానిలో 'బహుశా' అనే అర్థమిచ్చే ఒకే ఒక్క మాటను రకరకాల స్వరాల్లో వినిపిస్తూ ముఖాల ఫొటోలు చూపించారు. ఆ మాటలో ఇష్టం ఉందా, అయిష్టం ఉందా అన్నదే వారు కొలిచింది. ఉపన్యాసం లేదు, సమావేశం లేదు, పూర్తి వాక్యమైనా లేదు. మాట, గొంతు, ముఖం మూడింటినీ కలిపి కొలవనూ లేదు. రెండు ఫలితాలను తర్వాత జోడించారంతే. ఇష్టాయిష్టాలు వెల్లడించే సందర్భాలకు తప్ప ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియనే స్పష్టం చేశారు.

"ఏం చెప్పామన్నది ముఖ్యం కాదు" అనే మాటను మన తీరంలో ఎవరైనా ఎలా అనగలరు? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటి రాత్రి మైకులో వచ్చే గొంతుకు ముఖం ఉండదు. ఫోనుకు వచ్చే సందేశానికి గొంతు కూడా ఉండదు. ఎప్పుడు బయలుదేరాలి, ఏ భవనానికి చేరాలి అన్న నాలుగు మాటలే మనిషిని కాపాడతాయి. శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పాఠ్యపుస్తకాలు రాశారు. చిరునవ్వుతో, చేతి సైగలతో పాఠం చెప్పవచ్చని ఆయన అనుకోలేదు.

మాటకూ ముఖానికీ పొంతన లేకపోతే జనం ముఖాన్నే నమ్ముతారన్నది నిజమే. విసుగ్గా "చెప్పండి, వింటున్నాను" అంటే ఎవరూ చెప్పరు. ఆ మేరకు ఒప్పుకుంటాను.

ఇక "నిటారుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ మాట్లాడితే చాలు" అనేది. పొదుపు సంఘాల సమావేశాల్లో ఇద్దరు లీడర్లను చూశాను. ఒకామె ధీమాగా నిలబడి "బ్యాంకు పని అయిపోతుంది, కంగారు పడకండి" అన్నారు. బయటికి వచ్చాక ఏ తేదీకి ఎంత కట్టాలో ఎవరికీ తెలియదు. రెండో ఆవిడ తీర్మానాల పుస్తకం ఒడిలో పెట్టుకుని, తల పెద్దగా ఎత్తకుండానే వాయిదా ఎంతో, అందులో వడ్డీ ఎంతో, గడువు ఎప్పుడో చదివారు. ఆ తర్వాత చివర కూర్చున్న పెద్దావిడను "అమ్మా, ఎప్పటిలోగా కట్టాలి?" అని అడిగారు. ఆమె తేదీ తప్పు చెప్పారు. లీడర్ విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చదివారు.