పెరటాసి చుట్టం

(తిరుపతి. పెరటాసి నెలలో శనివారం, తెల్లారుజాము. మామిడి చెట్టు కింద మునిరత్నం చేతిలో పొరక.)

కాంతమ్మ: ఆకులు ఊడ్చొద్దు మావా!

మునిరత్నం: సామికి తళిగ నైవేద్యం వేసే దినం పెరటి నిండా చెత్తేనా మే?

కాంతమ్మ: తళిగ ఇంట్లో గదా వేసేది. పొన్నంకి పిట్ట దిగే కాలం ఇది. రాలినాకులు తిరగేసి ఎర్రలు, చెదలు ఏరుకుంటాది. దోవ ఊడ్చుకో, చెట్టు మొదులు వదిలెయ్.

మునిరత్నం: పిడికెడు బియ్యం చల్లితే సరి.

కాంతమ్మ: అది ముట్టదు. ఎలకలొస్తాయి.

మునిరత్నం: కోయిల పోయి నిమ్మళంగా నిద్రపడతాందనుకుంటే, ఇంగొకటా?

కాంతమ్మ: కోయిల యాడికీ పోలా. కాకులు గూళ్లు కట్టేది అయిపోయింది, గుడ్లు పెట్టే పని లేదు, అరుపు ఆపింది. నిన్న బొప్పాయి పొడిచిన చుక్కల పిట్ట ఎవురనుకున్నావు? ఆడకోయిల!

మునిరత్నం: నల్ల తేనెపిట్ట పోయిందిలే.

కాంతమ్మ: అదీ ఈడే ఉండాది. పిల్లల కాలం ముగిస్తే మగది నిగనిగలాడే నలుపు రాల్చి ఆడదాని మాదిరి పసుపుకు తిరుగుతాది. గొంతు నుంచి పొట్ట దాకా నల్ల గీత ఉంటే మగదే.

మునిరత్నం: పాపం, దానికీ సంసారమే.

కాంతమ్మ: నిజంగా దూరం నుంచి వచ్చేది పొన్నంకే. మధ్యభారతం, హిమాలయాల కింది అడవుల్నుంచి రాత్రిళ్లు ఎగిరొస్తాది. అలిసిపోయి అద్దాలకు కొట్టుకోని పడతాది.

మునిరత్నం: పడితే రవంత నీళ్లు తాపిద్దాం.

కాంతమ్మ: వద్దు! ఊపిరిగొట్టంలోకి పోతాయి. చెప్పుల అట్టపెట్టెకు బొక్కలు పొడిచి, అడుగున గుడ్డ పరిచి, దాంట్లో పెట్టి మూసెయ్యి. గంటో రెండు గంటలో చీకట్లో ఉండనీ. లోపల టపటపమంటే చెట్టు కింద మూత తియ్యి. రెక్క వేలాడితే అటవీశాఖోళ్లకు ఫోన్ చెయ్యి.

మునిరత్నం: నడాన ఒకసారి తొంగి చూస్తే?

కాంతమ్మ: నీ మొగం చూసే బెదిరి చస్తాది. రాత్రి పెరటి లైటు ఆర్పు. కిటికీ అద్దానికి బయటి పక్క సున్నంతో గీతలు గియ్యి, రెండంగుళాలకొకటి.

మునిరత్నం: కొత్త అద్దానికి సున్నమా! లోపల కర్టెన్ ఉండాదే.

కాంతమ్మ: కర్టెన్ ఉన్నా అద్దంలో చెట్లు కనపడతాయి. అడవనుకోని దూరతాది.

(చెట్టు వెనక రెండు ముక్కల ఈల.)

మునిరత్నం: పక్కింటోడు! ఎవుర్ని చూసి ఈల వేస్తా ఉండాడు వాడు?

కాంతమ్మ: పొరక దించు మావా, అదే పొన్నంకి పిట్ట! పొద్దున, సందేళ అట్లే కూస్తాది. ఆకుపచ్చ వీపు, మొండి తోక, తోక కింద ఎరుపు.

మునిరత్నం: మాయమ్మ వచ్చినప్పుడు ఇన్ని మర్యాదలు చేసినావా నువ్వు?

కాంతమ్మ: ఇది ఎండలు ముదిరితే తిరిగి పోతాది మావా.