జాగారం చదువుతో దంత వైద్యమా?

దంత వైద్య కళాశాలల్లో పరీక్షల ముందు వారం ఎలా గడుస్తుందో తెలిసిందే. సీనియర్ల నుంచి చేతులు మారిన నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, పేజీ నిండా రంగు గీతలు, రాత్రంతా జాగారం. అలా చదివిన వారిలో చాలామంది పాసవుతారు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది. పాసైనంత మాత్రాన చదివింది గుర్తుండిపోదు.

అమెరికా పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ సంగతి తేల్చింది. ఒక పాఠాన్ని కొందరి చేత పదేపదే చదివించారు. మరికొందరి చేత ఒక విడతే చదివించి, మూడుసార్లు చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చదివిన వారిదే పైచేయి. వారం గడిచాక వారికి గుర్తున్నది 40 శాతం, రాసినవారికి 61 శాతం. బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది మాత్రం చదివినవారే!

పై దవడ మొదటి మోలార్‌కు, అంటే నమిలే పెద్ద పన్నుకు, సాధారణంగా మూడు వేర్లు, వాటి లోపల నరం ఉండే సన్నని కాలువలు ఉంటాయి; తరచూ నాలుగో కాలువ కూడా ఉంటుంది. ఈ మాట జవాబుపత్రంలో రాయడం తేలికే. పేషెంట్ నోరు తెరిచి కూర్చున్నప్పుడు, మూడు కాలువలు దొరకగానే సంబరపడకుండా నాలుగోదాని కోసం వెతకాలంటే ఆ మాట అడగకుండానే గుర్తుకు రావాలి. వదిలేస్తే ఇన్ఫెక్షన్ లోపలే ఉండిపోయి, రూట్ కెనాల్ చేసిన పన్నే మళ్లీ సలపవచ్చు.

చేతిపని సంగతీ అంతే. మైనపు దిమ్మెల్లో పళ్లు చెక్కే రికార్డును ఆఖరి రాత్రి పూర్తిచేస్తే సంతకం దొరుకుతుంది గానీ చెయ్యి తిరగదు. చెక్కిన పన్నును అసలు నమూనా పక్కన పెట్టి, గాడి ఎక్కడ లోతు తగ్గిందో, అంచు ఎక్కడ వంకర పోయిందో సార్ చెప్పకముందే తానే పట్టుకోవడం అసలు చదువు. దానికి రోజులు కావాలి.

తప్పంతా విద్యార్థులదే అనలేం. కంఠస్థానికి మార్కులు వేస్తుంటే వారు కంఠస్థమే చేస్తారు. ఎలా చదవాలో మొదటి ఏడాదిలోనే నేర్పాలి. వారానికో చిన్న పరీక్ష పెట్టాలి. టెన్షన్ లేకుండా, మార్కుల్లో కలపకుండా. మొదటి ఏడాది దంత నిర్మాణాన్ని రూట్ కెనాల్ పాఠానికి ముందు మళ్లీ అడగాలి. అందుకు టైమెక్కడిదని అధ్యాపకులు అడగవచ్చు. స్లయిడ్లు చదివి వినిపించే గంటలోంచి పదిహేను నిమిషాలు తీస్తే సరిపోతుంది.