ముందు సోలారా, ముందు శ్లాబా?

హైదరాబాద్ శివార్లలో పైఅంతస్తు ఇల్లు. నెత్తిన వెయ్యి చదరపు అడుగుల శ్లాబు, లోపల నాలుగు పాత ఫ్యాన్లు, ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటి. మే నెలలో 380 యూనిట్లు కాలుతోంది. కరెంటు ఖర్చు తగ్గాలంటే మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలన్నది వాదన. బాబాయ్ సోలార్ ప్యానెళ్లు బిగించే పనిలో ఉన్నారు, అన్నకూతురు ఇళ్ల కరెంటు వాడకం లెక్కలు తీసే ఇంజినీరు.

బాబాయ్: ఇందులో తేల్చడానికేముందమ్మా? 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద ఇంటిమీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తోంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు 360. మే నెల బిల్లు దాదాపు అక్కడితో సరి.

అమ్మాయి: ఆ 78,000 ఎలా వస్తోందో విడదీసి చూడండి బాబాయ్. మొదటి రెండు కిలోవాట్లకు ముప్పై వేల చొప్పున, మూడోదానికి 18,000 మాత్రమే. అంటే మన జేబుకు ఎక్కువ బరువు ఆ మూడోదే. వాడకం తగ్గిస్తే అసలు దాని అవసరమే రాదంటున్నాను.

బాబాయ్: తగ్గించడమంటే? చెమటలు కక్కుతూ కూర్చోమనా?

అమ్మాయి: ఏదీ ఆపక్కర్లేదు. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే బ్రష్‌లెస్ మోటారుది, 30తో అదే గాలి ఇస్తుంది. రెండు ఫ్యాన్లు రోజుకు పదహారు గంటలు, రెండు ఎనిమిది గంటలు తిరుగుతాయనుకుంటే నెలకు 65 యూనిట్లు మిగులుతాయి.

బాబాయ్: ఏడాది తిరగకుండా లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు కాలిపోయిన ఆ రకం ఫ్యాన్లు ఎన్ని లేవు!

అమ్మాయి: చాలాచోట్ల కారణం గోడమీది పాత రెగ్యులేటరే. దాన్ని అలాగే ఉంచి బీఎల్‌డీసీ తగిలిస్తే వేగం తగ్గించినప్పుడల్లా బోర్డుకు సరైన కరెంటు అందదు. రెగ్యులేటరు తీసేసి నేరుగా స్విచ్చికి కలపాలి. వోల్టేజీ ఎగిరిపడే వీధైతే ఇంటి మెయిన్‌ బోర్డులో ఆ ఎగుడును అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టరు పెట్టాలి.

బాబాయ్: సరే, ఫ్యాన్లు ఒప్పుకుంటా. అసలు తినేది ఏసీ కదా.

అమ్మాయి: ఆ ఏసీ రాత్రంతా దేనితో పోరాడుతోంది? శ్లాబుతో. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు పొద్దుగూకాక ఆ వేడిని కిందికి వదులుతుంది. అందుకే పదింటికి ఫ్యాను వేసినా వేడిగాలే కొడుతుంది. ప్యానెళ్లు బిల్లు తగ్గిస్తాయి గానీ ఆ వేడిని తగ్గించవు.

బాబాయ్: అక్కడే పొరబడుతున్నావ్. ప్యానెళ్ల కింద శ్లాబుకు నీడ కదా!

అమ్మాయి: నీడే, నిజమే. కానీ మూడు కిలోవాట్లకు మూడొందల చదరపు అడుగులు. మిగతా ఏడొందలూ ఎండలోనే ఉంటుంది. అక్కడ ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్‌రూఫ్ పెయింటు కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే.

బాబాయ్: ఒక్క వానాకాలానికి నల్లబడే తెలుపు కోసమా?

అమ్మాయి: ఉత్త సున్నం కొడితే వాన కడిగేస్తుంది, ఒప్పుకుంటా. పెయింటు పెచ్చులూడేది మాత్రం అడుగు సరిగా లేనప్పుడే. ముందు వైరు బ్రష్షుతో నాచంతా గీకాలి, కడగాలి, రెండ్రోజులు ఎండనివ్వాలి. బీటను పైపైన పూడిస్తే మళ్లీ తెరుచుకుంటుంది, అందుకని వీ ఆకారంలో చెక్కి క్రాక్ ఫిల్లరుతో నింపాలి. తర్వాత ప్రైమరు, ఆపైన ఒకదానికి అడ్డంగా మరొకటిగా రెండు పూతలు. మిట్టమధ్యాహ్నం వేస్తే కాలే శ్లాబు మీద పెయింటు పట్టకముందే ఆరి, పొరలుగా లేచిపోతుంది. ఫిబ్రవరిలో, పొద్దున్నే వేయించాలి. ఏటా వేసవి ముందు దుమ్ము కడిగితే తెల్లదనం నిలుస్తుంది.

బాబాయ్: ఇంత చేసినా 380 ఎంతకు దిగుతుంది?

అమ్మాయి: ఫ్యాన్లతో 315. ఏసీ 24 నుంచి 26కు పెంచి ఫ్యాను తోడు పెడితే, డిగ్రీకి ఆరు శాతం చొప్పున ఇంకో ఇరవై యూనిట్లు. శ్లాబు చల్లబడితే ఏసీ ఇంకాస్త తక్కువ తిరుగుతుంది. రెండు కిలోవాట్లు 240 ఇస్తే మిగిలేదెంత? వేసవి కాని నెలల్లోనూ చూడండి. 2022 ఏప్రిల్ నుంచి తెలంగాణలో అమల్లోకొచ్చిన టారిఫ్‌లో 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్ల ఖరీదు, 820 రూపాయలు. 201 అయితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడి 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కు రెండొందల పైన!

బాబాయ్: ఆ గీత దాటకుండా సోలారే కాపాడుతుందిగా, మనం లైనుకిచ్చిన యూనిట్లను వాడినవాటిలోంచి తీసేసే నెట్ మీటరుంటే.

అమ్మాయి: కాపాడుతుంది. కానీ మే నెల అర్ధరాత్రి కరెంటు పోతే? బ్యాటరీ లేని సోలార్ అసలు రాత్రి పనిచేయదు. పగలు పోయినా, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టరు లైన్‌మన్ భద్రత కోసం ఆగిపోతుంది. అప్పుడు చల్లటి శ్లాబు, ఇంట్లోని బ్యాటరీ ఇన్వర్టరు మీద రెట్టింపు సేపు తిరిగే ఫ్యాన్లే దిక్కు.

బాబాయ్: అది మాత్రం నిజం. ప్యానెళ్లుంటే కరెంటు పోదనుకుని, పెట్టాక గొడవకొచ్చే కస్టమర్లు బోలెడుమంది. ఒకటి మాత్రం విను. రెండు కిలోవాట్లే పెట్టినా సోలార్ ఇన్వర్టరు మూడుది తీసుకో. రేపు ఎలక్ట్రిక్ స్కూటరు కొంటే ప్యానెళ్లు కలిపితే చాలు. ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడ్డా ఆ వరసంతా మందగిస్తుంది, కాబట్టి దక్షిణం వైపు జాగా ఇప్పుడే వదిలిపెట్టు.

అమ్మాయి: అది వింటాను. మరి వాటర్‌ప్రూఫింగు, పెయింటు మీ స్టాండ్ల కంటే ముందే అయిపోవాలి, తర్వాత వాటి కిందికి బ్రష్షు దూరదు. కాళ్లకు శ్లాబులో రంధ్రాలు కూడా వద్దు. రెండో వానాకాలానికి బెడ్‌రూములో చెమ్మ దిగేది అక్కణ్నుంచే.

బాబాయ్: ఉత్త దిమ్మెలు పెడితే ఏప్రిల్ గాలిదుమ్ముకు ప్యానెల్ పక్కింటి మీద పడుతుంది! కాళ్ల దగ్గర శ్లాబును గరుకు చేసి, పాత కాంక్రీటుకు కొత్తది అతుక్కునేలా బాండింగ్ ఏజెంట్ పూసి, దానిమీదే కాంక్రీటు దిమ్మెలు పోయిస్తా, బోల్టులు వాటిలోనే ఉంటాయి. ఆ చోట్లు నేను మార్కు చేసేదాకా నీ పెయింటువాణ్ని ఆగమను.